ధ్యానంలో ప్రశాంతంగానే ఉంటున్నాను, ఇంట్లో మాత్రం అదే కోపం. వివేకం ఎలా వస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఏడాదిన్నరగా ఫోన్‌లో యాప్ పెట్టుకుని రోజూ పొద్దున్నే ఇరవై నిమిషాలు శ్వాసను గమనిస్తూ కూర్చుంటున్నారు. కూర్చున్నంతసేపు మనసు బాగానే నిలుస్తోంది. సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కి ఉప్పల్‌లో దిగి ఇల్లు చేరేసరికి ఎనిమిదవుతోంది. మూడో తరగతి చదివే బాబుతో లెక్కల హోంవర్క్ చేయిస్తుంటే పది నిమిషాల్లో అరుపులు మొదలవుతున్నాయి. వాడు ఏడ్చి పడుకున్నాక మీకు నిద్ర పట్టడం లేదు. "మైండ్‌ఫుల్‌నెస్ వల్ల వివేకం వస్తుందంటారు. నాకు ప్రశాంతత వచ్చింది గానీ వివేకం రాలేదు. ఇంకో ఇరవై నిమిషాలు పెంచాలా?" అని అడిగారు.

పెంచక్కర్లేదు. ఇంకా చెప్పాలంటే ఆ ఇరవైలోంచి ఐదు నిమిషాలు తీసి రాత్రికి పెట్టుకోండి. ఎరుక, అంటే మీరన్న మైండ్‌ఫుల్‌నెస్, దానంతటదే వివేకంగా మారదు. మనం అన్న మాటనీ, చేసిన పనినీ, దాని ముందు లోపల ఏం జరిగిందో దాన్నీ, తర్వాత ఏమైందో దాన్నీ ఆ ఎరుకతో చూసినప్పుడే మారుతుంది. మీరు శ్వాసను చూడటం నేర్చుకున్నారు, అది మంచి పునాది. కోపాన్ని చూడటం ఇంకా మొదలుపెట్టలేదు, అంతే. మీ సాధనలో తప్పేమీ లేదు, సగం పని మిగిలి ఉంది.

ఇది పుస్తకాలు చదివి చెప్పడం లేదు. నేను ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, ఎక్కువ భాగం క్యాష్ కౌంటర్‌లోనే. 2003లో మొదటిసారి పది రోజుల విపశ్యన (ఒంట్లో కలిగే సంవేదనల్ని గమనించే ధ్యానం) శిబిరంలో కూర్చున్నాను, నాగార్జునసాగర్ రోడ్డులో వనస్థలిపురం దాటాక ఉండే ధమ్మఖేత్తలో. సత్యనారాయణ గోయెంకా గారు 1969లో బర్మా నుంచి వచ్చి మన దేశంలో ఈ పద్ధతి నేర్పడం మొదలుపెట్టారు, ధమ్మఖేత్త 1976 నుంచి ఉంది. (అదే రోడ్డు పట్టుకుని చివరిదాకా వెళ్తే నాగార్జునసాగర్, అక్కడి నుంచి లాంచీలో నాగార్జునకొండ. ఇక్ష్వాకుల కాలంలో, అంటే పదిహేడు వందల ఏళ్ల కిందట, అక్కడి విహారాల్లో భిక్షువులు కూర్చుని చేసింది కూడా ఈ పనే అనుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.)

బౌద్ధంలో ప్రజ్ఞ, అంటే మనం అనుకుంటున్న వివేకం, మూడు రకాలు. విని, చదివి తెచ్చుకున్నది శ్రుతమయ ప్రజ్ఞ. మన బుద్ధితో ఆలోచించి తేల్చుకున్నది చింతామయ ప్రజ్ఞ. సాధనలో స్వయంగా చూసి తెలుసుకున్నది భావనామయ ప్రజ్ఞ. ఈ మూడింటికీ తేడా నాకు శిబిరంలో కంటే కౌంటర్‌లోనే బాగా అర్థమైంది.

దొంగనోట్ల గురించి మాకు సర్క్యులర్లు వస్తాయి. సెక్యూరిటీ దారం ఎలా ఉండాలి, వాటర్‌మార్క్ ఎక్కడ కనబడాలి, ఇప్పటి 500 నోటుకి రెండు అంచుల్లో ఐదేసి ఏటవాలు గీతలు ఉబ్బెత్తుగా ఉండాలి అని. చదివితే తెలుస్తుంది. ఆ గీతలు ఉబ్బెత్తుగా ఎందుకు వేస్తారు, చూపులేనివాళ్లు తడిమి గుర్తుపట్టడానికి అని ఆలోచిస్తే ఇంకాస్త తెలుస్తుంది. కానీ మధ్యాహ్నం పూట, ఎదురుగా పదిహేనుమంది నిలబడి ఉండగా, వంద నోట్ల ప్యాకెట్ లెక్కపెడుతుంటే బొటనవేలు ఒక నోటు దగ్గర దానంతటదే ఆగుతుంది. ఎందుకు ఆగిందో ఆ క్షణానికి నాకూ తెలియదు. నోటు బయటికి లాగి వెలుతురుకి పెడితే అప్పుడు తెలుస్తుంది, కాగితం మెత్తగా ఉంది, గీత నున్నగా ఉంది. ఏళ్ల తరబడి లక్షల నోట్లు వేలికింద నుంచి వెళితే గానీ ఆ ఆగడం రాదు. అలాగని వేళ్లు యాంత్రికంగా కదిలి, మనసు ఇంకెక్కడో ఉంటే ఎన్ని లక్షలు లెక్కపెట్టినా రాదు. ముప్పై ఏళ్ల సర్వీసు ఉండి కూడా దొంగనోటు పట్టలేని వాళ్లని చూశాను.

రోజువారీ జీవితంలో వివేకమంటే నా లెక్కలో ఆ వేలు ఆగడమే. మాట నోటి నుంచి జారబోయే ముందు లోపల ఏదో ఆగి "ఇది చూడు" అంటుంది.

ఇక నా సంగతి. మీ పరిస్థితి నాకు ఎంత బాగా తెలుసో మీకు అర్థం కావడానికి చెబుతున్నాను.

2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్ల రద్దు ప్రకటించారు. 10న బ్యాంకులు తెరిచాం. మనిషికి 4,000 వరకే మార్పిడి, కొద్ది రోజులకి 4,500 అన్నారు, 18 నుంచి 2,000 అన్నారు. రూలు మారినప్పుడల్లా క్యూలో ఉన్నవాళ్లకి సమాధానం చెప్పుకోవాల్సింది కౌంటర్‌లో కూర్చున్నవాళ్లమే. అలాంటి ఒక మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. కొంగుముడి విప్పి, చెమటకి మెత్తబడిన ఎనిమిది 500 నోట్లు ఒకదాని మీద ఒకటి పెట్టింది. ఆధార్ జిరాక్స్ లేదు. "రేపు తెస్త బిడ్డా, ఇయ్యాల మందులకు కావాలె" అంది. నేను అరిచాను. "చదువు రాకపోతే చదువొచ్చినవాళ్లని వెంటబెట్టుకుని రావాలి, మా ప్రాణాలు తీయడానికొస్తారా" అన్నాను. క్యూ అంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఆమె ఏమీ అనలేదు. నోట్లు ఒక్కొక్కటే తీసుకుని మళ్లీ కొంగులో పెట్టి ముడి వేసుకోబోయింది. చేతులు వణికి ముడి పడలేదు. రెండోసారి వేసుకుంది.

ఆ రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి గంటసేపు ధ్యానం చేసి వచ్చాను నేను. అప్పటికి పదమూడేళ్ల సాధన.

ఆ రాత్రి చాలా కుంగిపోయాను. ఇన్నేళ్లు కూర్చుని ఏం లాభం అనిపించింది. శిబిరంలో నాకంటే ముందు నుంచి ఉన్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆయన ఓదార్చలేదు, తిట్టలేదు. బుద్ధుడి ఉపదేశాల సంకలనమైన మజ్ఝిమ నికాయంలో, ఆయన తన కొడుకు రాహులుడికి చెప్పిన ఒక సుత్తం (ఉపదేశం) చదవమన్నాడు. దాని పేరు అంబలట్ఠిక రాహులోవాద సుత్తం. సంప్రదాయం ప్రకారం అప్పుడు రాహులుడికి ఏడేళ్లు, మీ బాబు ఈడు. బుద్ధుడు వాడిని అడుగుతాడు, అద్దం దేనికి అని. చూసుకోవడానికి అంటాడు పిల్లవాడు. అలాగే ఏ పనినైనా, మాటనైనా, ఆలోచననైనా మూడుసార్లు చూసుకోమంటాడు బుద్ధుడు: చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక. దీనివల్ల నాకు గానీ ఇతరులకి గానీ బాధ కలుగుతుందా? కలుగుతుందని ముందే తెలిస్తే చేయకు. మధ్యలో తెలిస్తే ఆపెయ్. చేశాక తెలిస్తే గురువుకో, తెలిసిన తోటి సాధకులకో చెప్పుకుని ఇకమీదట జాగ్రత్తపడు. రాహులుడికి చెప్పిన ఈ ఉపదేశాన్ని భిక్షువులూ ఉపాసకులూ తరచూ వినాలని అశోకుడు రాజస్థాన్‌లోని బైరాట్ శాసనంలో చెక్కించాడు కూడా.

నేను పదమూడేళ్లలో ఎన్నడూ చేయనిది అదే. కూర్చునేదాన్ని, లేచేదాన్ని, బస్సెక్కేదాన్ని. ఆ గంటకీ మిగతా రోజుకీ మధ్య దారి వేయలేదు.

చేశాక చూడటంతో మొదలుపెట్టండి. ముందు చూడటం, మధ్యలో చూడటం వెంటనే రావు, ప్రయత్నించి విసిగిపోతారు. రాత్రి పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు, ఒక మామూలు నోట్‌బుక్. ఆ రోజు జరిగిన ఒకే ఒక సంఘటన రాయండి. ఏం జరిగింది, అరవడానికి కాస్త ముందు ఒంట్లో ఎక్కడ ఏమనిపించింది, ఆ క్షణంలో నాకు ఏం కావాలనిపించింది, చివరికి ఏం దొరికింది. నాలుగు వాక్యాలు చాలు. "నేను చెడ్డ తండ్రిని" లాంటివి రాయొద్దు. అది తీర్పు, చూపు కాదు. పశ్చాత్తాపంలో మునిగిపోవడం కూడా చూడకుండా తప్పించుకునే ఒక దారే, నాకు అనుభవం.

నా పుస్తకంలో రెండు మూడు నెలలకి కనిపించినవి చెబుతాను. ఒకటి, నా అరుపుల్లో ఎక్కువ భాగం ఒంటిగంట రెండు మధ్య, లంచ్‌కి లేవకముందు. ఇంత చిన్న విషయం పదమూడేళ్లు నాకు తెలియలేదు. పన్నెండున్నరకి ఒక అరటిపండు తినడం మొదలుపెట్టాను, సగం తగ్గింది. రెండోది అంత తేలిక కాదు. "మేడమ్, జర జల్దీ" అనే మాట ఎక్కడ వినబడితే అక్కడ నా ఛాతీ బిగుసుకునేది. జనం ఎక్కువైనందుకు కాదు, పని ఎక్కువైనందుకు కాదు. ఆ మాటలో "నువ్వు పనిదొంగవి" అని నాకు వినబడేది. నా కష్టం ఎవరైనా గుర్తించాలని లోపల అంత ఆకలి ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆ పెద్దావిడ "జల్దీ" అని కూడా అనలేదు. అంతకుముందు క్యూలో ముగ్గురు అన్నారు, నేను ఆమె మీద తీర్చుకున్నాను.

ఇది కనబడ్డాక నేను మంచిదాన్ని అయిపోలేదు. ఆ మాట మళ్లీ వినబడుతూనే ఉంది, ఛాతీ బిగుసుకుంటూనే ఉంది. కానీ ఇప్పుడు అది తెలిసిన నోటు. వేలు ఆగుతుంది.

మీ విషయంలో ఏం కనబడుతుందో నేను ఊహించి చెప్పకూడదు. ఆఫీసులో ఆరు గంటల కాల్ కావచ్చు, ఆకలి కావచ్చు, "వీడు వెనకబడిపోతాడేమో" అన్న భయం కావచ్చు, చిన్నప్పుడు మీకు ఎవరు లెక్కలు ఎలా నేర్పారో అదీ కావచ్చు. ఇంకొకరు చెబితే అది సర్క్యులర్ చదివినట్టే. మీ వేలికే తగలాలి.

మధ్యలో చూడటం గురించి. బుద్ధుడు చెప్పిన కార్యకారణ గొలుసులో స్పర్శ తర్వాత వేదన, వేదన తర్వాత తృష్ణ. ఇక్కడ వేదన అంటే మనం తెలుగులో అనుకునే బాధ కాదు. హాయిగా ఉండటం, ఇబ్బందిగా ఉండటం, రెండూ కాకుండా ఉండటం, ఈ మూడూ వేదనే. ఆ ఇబ్బంది తలెత్తడానికీ "ఇది పోవాలి, ఇప్పుడే పోవాలి" అనే తోపుకీ మధ్య చాలా చిన్న సందు ఉంటుంది. సాధన అంతా ఆ సందులో నిలబడటానికే.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం గోంగూర కట్ట ముందేసుకుని ఆకులు తుంచుతున్నాను. ఫోన్ మోగింది, మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపు. ఊళ్లో అమ్మ పేరు మీదున్న స్థలం గురించి మా తమ్ముడు "అక్కకి ఇందులో ఏం పని, పెళ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చాం" అని పెట్టాడు. నేను తడిచేతులు చీరకి తుడుచుకుని ఆరు లైన్లు టైప్ చేశాను. వాడి ఇంటి శంకుస్థాపనకి నేను సర్దిన డబ్బు దగ్గర నుంచి అన్నీ ఉన్నాయి అందులో. పంపే బాణం గుర్తు మీద బొటనవేలు పెట్టబోయి ఆగాను. చెవులు కాలుతున్నాయి. దవడ బిగుసుకుంది. నోరు ఎండిపోయింది. ఫోన్ బోర్లా పెట్టి మళ్లీ గోంగూర తీసుకున్నాను. కోపాన్ని పోగొట్టాలని కాదు, చెవుల్లో ఆ వేడి ఏం చేస్తుందో చూద్దామని. కాడ తుంచడం, ఆకు గిన్నెలో వేయడం, చెవుల్లో వేడి. కట్ట సగానికి వచ్చేసరికి వేడి పలచబడింది, దాని కింద ఇంకేదో ఉంది. గొంతులో ముద్దలా అడ్డుపడింది. స్థలం కాదు. అమ్మ పోయిన తర్వాత వాడు నాకు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు.

ఆ ఆరు లైన్లూ చెరిపేసి వాడికి కాల్ చేసి ఆ ఒక్క మాటే చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఏడ్చాడు. ఇక్కడ ఒకటి స్పష్టంగా చెప్పాలి: నేను వాటా వదులుకోలేదు. తల్లి వీలునామా రాయకుండా పోతే ఆమె ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతురికీ హక్కు ఉంది, అది వాడికి కూడా నెమ్మదిగా చెప్పాను. ఆ సంగతి ఇంకా తేలలేదు. కానీ ఇప్పుడు మేం మాట్లాడుకుంటూ తేల్చుకుంటున్నాం.

ముందు చూడటానికి మీకు మంచి చోటు మెట్రోనే. తార్నాక దాటగానే ఫోన్ జేబులో పెట్టేయండి. హబ్సిగూడ, ఎన్‌జీఆర్‌ఐ, స్టేడియం, ఉప్పల్. కళ్లు మూసుకోవక్కర్లేదు, శ్వాస లెక్కపెట్టక్కర్లేదు. ఒళ్లు ఎలా ఉందో చూసుకోండి. ఆఫీసులో ఎవరి మీద కోపం ఇంకా మోసుకొస్తున్నారో చూసుకోండి. ఇవాళ బాబుకి నా నుంచి నిజంగా కావలసింది ఏమిటని ఒక్కసారి మిమ్మల్ని మీరే అడగండి. చెప్పులు విప్పగానే హోంవర్క్ దగ్గర కూర్చోకండి, ముందు ఏదైనా తినండి. హోంవర్క్ మధ్యలో మాట జారబోతుంటే ఈ మూడూ అడగండి: ఇది నిజమేనా, దీనివల్ల వాడికి మేలా, ఇది ఇప్పుడు చెప్పే సమయమేనా. "ఎన్నిసార్లు చెప్పినా నీకు ఎక్కదు" అనే మాట మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే అది నిజం కాదు.

కొన్ని జాగ్రత్తలు.

ఏకాగ్రతనే వివేకం అనుకోవద్దు. చేప కోసం ఒంటికాలి మీద నిలబడ్డ కొంగకి ఉన్న ఏకాగ్రత మనలో ఎవరికీ ఉండదు. అందుకే మనవాళ్లు కొంగజపం అన్నారు. బుద్ధుడు చెప్పిన అష్టాంగ మార్గంలో సమ్యక్ స్మృతి (సరైన ఎరుక) ఏడోది, దాని ముందు సమ్యక్ దృష్టి ఉంది, సమ్యక్ వాక్కు ఉంది, సమ్యక్ ఆజీవిక ఉంది. అవి పక్కన పెట్టి ఎరుక ఒక్కటే పెంచుకుంటే పదునైన మనిషి తయారవుతాడు గానీ మంచిచెడు తెలిసిన మనిషి కాడు.

రెండోది, గమనించడం అంటే కొట్టిపారేయడం కాదు. మా ఆదివారం సాధనకి వచ్చే ఒక అబ్బాయిని స్నేహితుడు చిట్టీకి షూరిటీ సంతకం అడిగాడు. అడగగానే ఇతనికి కడుపులో ఏదో తిప్పినట్టయింది. "ఇది నాలో ద్వేషం, గమనించి వదిలేయాలి" అనుకుని సంతకం పెట్టేశాడు. స్నేహితుడు చిట్టీ పాడుకుని వాయిదాలు ఆపేశాడు, ఇతని జీతంలోంచి కోత పడింది. నా దగ్గరకొచ్చి "అక్కా, నేను సాధన చేసినట్టే చేశాను కదా" అన్నాడు. చేయలేదు. కడుపులో తిప్పడాన్ని చూశాడు, అది ఏం చెబుతోందో వినలేదు. ఆ స్నేహితుడు అంతకుముందు రెండుసార్లు డబ్బు ఎగ్గొట్టిన సంగతి ఇతనికి తెలుసు, ఒంటికి గుర్తుంది. బౌద్ధంలో సతితో (పాళీలో ఎరుకకి పేరు) పాటు సంపజఞ్ఞ అనే మాట తరచూ జతగా వస్తుంది, స్పష్టంగా తెలుసుకోవడం అని. ఈ పని ఎందుకు, ఇది తగినదేనా అనేది అందులో భాగం. ఒక్కోసారి వివేకం అంటే గట్టిగా "కుదరదు" అనడమే.

ఇంకొకటి చాలా ముఖ్యం. కళ్లు మూసుకుంటే భయం పెరగడం, పాత గాయాలు తిరగబెట్టడం, వారాల తరబడి నిద్ర లేకపోవడం, బతకాలనిపించకపోవడం లాంటివి ఉంటే సాధన పెంచకండి, ముందు సైకియాట్రిస్ట్‌ని కలవండి. మన హైదరాబాద్‌లో ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఏ టైమ్‌లోనైనా ఉచితంగా మాట్లాడతారు. మీరు నిద్ర పట్టడం లేదన్నారు కాబట్టి అడుగుతున్నాను, అది అరిచిన రాత్రులేనా, రోజూనా? రోజూ అయితే ఆలస్యం చేయకండి.

పది రోజుల శిబిరానికి వెళ్లాలా అని మీ ప్రశ్న కింద ఇంకొకరు అడిగారు. వెళ్లగలిగితే మంచిదే. ఫీజు ఉండదు, పూర్తిచేసినవాళ్లు ఇచ్చిన దానాలతోనే నడుస్తుంది. పొద్దున నాలుగింటికి గంట కొడతారు, ఫోన్ తీసుకుంటారు, దాదాపు శిబిరమంతా మౌనం. మొదటి మూడు రోజులు శ్వాస మీదే, నాలుగో రోజు నుంచి ఒంట్లో కలిగే సంవేదనల మీద. కానీ కోపం తగ్గించుకుని రావడానికి వెళ్లొద్దు. వచ్చిన మొదటి వారం ఇంట్లోవాళ్లు మునుపటికంటే గట్టిగా మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది, వాళ్లేమీ మారలేదు, మీ చెవులే మెత్తబడ్డాయి. ఆ వారం జాగ్రత్త. ముందు రెండు మూడు నెలలు ఈ నోట్‌బుక్ రాసి వెళితే అక్కడ చూసేది దేనికి ఉపయోగపడుతుందో మీకే తెలుస్తుంది.

చివరగా బాబు సంగతి. అరిచిన రోజు వాడు పడుకున్నాక తల నిమిరి ఊరుకోకండి. తెల్లారి వాడు మేలుకుని ఉన్నప్పుడు, స్కూలుకి వెళ్లేలోపు, వాడి ఎత్తుకి కూర్చుని "రాత్రి నేను అరిచాను, అది నీ తప్పు కాదు, నాదే" అని చెప్పండి. చేశాక చూడటంలో ఇది చివరి భాగం, చాలామంది ఇదే వదిలేస్తారు. నేను ఆ పెద్దావిడ కోసం డిసెంబరు చివరిదాకా రోజూ క్యూలో చూశాను. ఆమె మళ్లీ రాలేదు. మీ బాబు పక్క గదిలోనే ఉన్నాడు.